సన్న కరెంటు

తెలుగులో కరెంటు అనే మాటంటే నాకు కోపం. చిన్నప్పటి నుంచీ కాదు, నాయన పోయినప్పటి నుంచీ. పోయేదీ కరెంటే, వచ్చేదీ కరెంటే, కొట్టేదీ కరెంటే. వోల్టేజీ తగ్గినా కరెంటు తగ్గిందనే అంటాం. తిరుపతిలో పాలిటెక్నిక్ పిల్లలకు ఈ పాఠం చెప్పడమే నా ఉద్యోగం. తోసేది వోల్టేజీ, పారేది కరెంటు, అడ్డుపడేది నిరోధం అని బల్ల గుద్ది చెబుతాను. హాస్టల్లో లైట్లు మసకబారగానే ఆ పిల్లలే "కరెంటు తక్కువొస్తా ఉండాది మేడమ్" అంటారు. ఒళ్ళు మండుతుంది.

మా ఊరు ఐరాల దగ్గర. అక్కడ దీనికి ఇంకో పేరుంది, సన్న కరెంటు. మోటారు రూములో బల్బు ఎర్రగా, గుడ్డిగా వెలిగితే సన్న కరెంటు అన్నమాట. అప్పుడు స్టార్టరు పట్టినట్టే పట్టి వదిలేస్తుంది. మూత తీసి, మోటారు ఆగకుండా లోపలి కాంటాక్టును పుల్లతో నొక్కిపట్టడం మా వైపు రైతులకు మామూలే. నాయన పోయిన రోజు పొద్దున చెరుకుకు నీళ్ళు కడుతుంటే మోటారు ఆగిపోయింది. నాయన తడికాళ్ళతో, తడిచేతులతో వచ్చి మూత తీశాడు. అమ్మ మోటారు రూము గుమ్మం దగ్గర నిలబడి వద్దంది. "సన్న కరెంటేలే, అదేం చేస్తాది?" అన్నాడట. పుల్ల జారి వేళ్ళు లోపలికి పోయాయి. మళ్ళీ మాట్లాడలేదు.

నేనప్పుడు తిరుపతిలో చదువుకుంటున్నాను. ఆ మాట నేను వినలేదు. అయినా వినబడుతూనే ఉంటుంది. బోర్డు మీద లెక్క వేస్తుంటే, నా వీపు వెనక ఎవరో తేలిగ్గా నవ్వుతూ "అదేం చేస్తాది?" అంటారు. తిరిగి చూస్తే పిల్లలు బుద్ధిగా రాసుకుంటూ ఉంటారు. పుస్తకంలో ఒక లెక్క ఉంది. తడిచేతుల మనిషి నిరోధం ఇంత, తీగను ముట్టుకుంటే ఒంట్లో ఎంత కరెంటు పారుతుంది? ఏటా దాన్ని వదిలేస్తాను. ఇస్త్రీపెట్టె, గీజరు, ఫ్యాను లెక్కలు మాత్రం విసుగు లేకుండా చేయిస్తాను. ఒకసారి ముందు బెంచీ అమ్మాయి "మనిషి నిరోధం ఎంతుంటుంది మేడమ్?" అని అడిగింది. ఏదో చెప్పి, గంట కొట్టకముందే బయటికి వచ్చేశాను.

పోయిన వేసవిలో ఇంటికి వెళ్ళాను. ఆ మోటారును ఇప్పుడు తమ్ముడు నడుపుతున్నాడు. నేను మోటారు రూము దగ్గరికి వెళ్ళేసరికి బల్బు ఎర్రగా ఉంది, స్టార్టరు మూత నేలమీద ఉంది, వాడి చేతిలో పుల్ల ఉంది.

"రేయ్, ఇవతలికి రా!" అని అరిచాను.

"ఎందుకక్కా అట్లా అరస్తావు? సన్న కరెంటే కదా," అన్నాడు.

గొంతు కూడా నాయనదే.

మర్నాడు చిత్తూరులో తెలిసిన మెకానిక్కును అడిగి, తీగ చుట్టూ తగిలిస్తే కరెంటు చూపించే మీటరు తెచ్చాను. బల్బు బాగా వెలిగేటప్పుడు మోటారు తీగలో ఏడున్నర ఆంపియర్లు చూపించింది. చుట్టుపక్కల రైతులు మోటార్లన్నీ వేసుకోగానే బల్బు ఎర్రబడింది, అంకె తొమ్మిది దాటింది.

"సన్న కరెంటప్పుడు ఎక్కువ తాగతాదా ఇది?" అన్నాడు తమ్ముడు నోరు తెరిచి.

"తగ్గింది వోల్టేజీరా. మోటారుకు పని తగ్గలేదు కదా, కరెంటు ఇంకా ఎక్కువ లాక్కుంటాది. అందుకే కాలిపోయేది."

"మోటారు సంగతి సరే. మనిషికైతే తగ్గల్ల కదా?"

వాడు తెలివితక్కువవాడేం కాదు. "తగ్గతాది. ఎంతకు తగ్గతాదో సూడు," అని పెంకుముక్క తీసుకుని గోడమీద రాశాను. బల్బు అంత గుడ్డిగా ఉంటే వోల్టేజీ నూట యాభై అనుకుందాం. తడిసిన ఒంటికి నిరోధం సుమారు వెయ్యి ఓములు. నూట యాభైని వెయ్యితో భాగిస్తే 0.15 ఆంపియరు. గుండె లయ తప్పడానికి అందులో సగమైనా చాలు. ఇన్నేళ్ళు తప్పించుకున్న లెక్క రెండు వరుసల్లో అయిపోయింది. నాకు భయమేసింది.

"పవరెంత?" అన్నాడు.

"నూట యాభై ఇంటూ 0.15. ఇరవై రెండున్నర వాట్లు."

వాడు గోడనే చూస్తూ నిలబడ్డాడు. "నాయనకు అంతేనా అక్కా? దాంతో ఫ్యాను గూడా సరిగ్గా తిరగదే."

"తిరగదు," అన్నాను. ఏడుపు ఆగలేదు.

వాడు అరచేత్తో ఆ అంకెలన్నీ తుడిచేశాడు. "అమ్మకు మాత్రం చెప్పొద్దు. ఉన్నట్టుండి పెద్ద కరెంటొచ్చి కొట్టిందని అనుకుంటా ఉండాది. లేకపోతే అంత మనిషి పడతాడా అంటాది."

తర్వాత ఫ్యూజులు పీకి గట్టుమీద పెట్టాడు. మూత బిగించడానికి వంగినవాడు ఆగి, తుండుగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. వేలి సందులు కూడా వదలకుండా తుడిచాడు. చిన్నపిల్లాడిలా రెండు అరచేతులూ నా ముందు చాపాడు.

"ఆరినాయా సూడక్కా."

పట్టుకుని చూశాను. పొడిగా ఉన్నాయి. ఇంకా ఆరలేదన్నాను.