రెండో ఈత టైగరు

మా టైగరు ఈ రోజు మధ్యాహ్నం ఒక ఘనకార్యం చేసింది. ఎవడో పెరట్లోకొచ్చి మా కోడిపుంజును చంకలో పెట్టుకుని పోతుంటే, మొరగకుండా తోకాడించుకుంటూ మారికుప్పం స్టేషను దాకా సాగనంపి వచ్చింది. కుక్క అంత మర్యాద చేస్తుంటే చుట్టాలేమో అనుకుందట ఎదురింటావిడ.

ఈ కుక్కను ఇచ్చింది పక్కవీధి జోసఫ్ మామ, గనిలో పనిచేసి రిటైరైన మనిషి. వాళ్ల కుక్క మొదటి ఈతలో పుట్టిన పిల్ల మా పిన్ని ఇంట్లో ఉంది. దాన్ని దాటి గాలి కూడా లోపలికి రాదు. ఒకచోట బంగారం పడితే అక్కడే ఇంకా లోతుకు తవ్వడం మా కేజీఎఫ్ వాళ్ల అలవాటు కదా! అదే తల్లి, అదే తండ్రి అని రెండో ఈత దాకా కాచుకుని మరీ తెచ్చుకున్నాను.

సాయంత్రం పోయి నిలదీశాను.

"ఏం మామా, పులిపిల్ల అని ఇస్తివే. యాడ ఉండాది పులి?"

ఆయన తాపీగా టీ తాగుతూ అన్నాడు: "ఒకే గనిలో తీసిన రాయంతా బంగారమయితే, ఇంగ మన గని ఎందుకు మూసినారప్పా?"

ఇదేం న్యాయమని ఇంటికొచ్చి అమ్మనడిగాను. అమ్మ, అప్పుడే బెంగళూరులో డ్యూటీ ముగించుకుని రైలు దిగి వచ్చిన మా అన్నను చూసింది. తర్వాత, కోడి పోతున్నప్పుడు ఇంట్లోనే గురకపెట్టిన నన్ను చూసింది.

"జోసఫన్న చెప్పింది నిజమే కదప్పా" అంది.

మీ ఇంట్లో రెండో ఈత ఎవరో కామెంట్లో చెప్పండి. సంఘం పెట్టుకుందాం. కాపలాకు మా టైగరు ఉంది.