చాచా పది వేళ్లు

ఈ కింద రాసిన ప్రతి అక్షరం నిజమని, ఎడమచేతి చూపుడు వేలు పైకెత్తి, దాని మీది సిరా ఆరకముందే ప్రమాణం చేస్తున్నాను. నా సంగతి తెలిసినవాళ్లు నవ్వుతారు. బస్సు ఆలస్యమైందని చెబితే, దారిలో ఏ పులి అడ్డం వచ్చిందని అడిగే చుట్టాలు నాకున్నారు. వాళ్ల మాట పక్కన పెట్టండి. ఈ పొద్దున పోలింగ్ బూత్‌లో ఒక అమ్మాయి నా గోరు మీద చల్లటి గీత గీసింది. ఆ ఘాటు వాసన ముక్కుకు తగలగానే నేను ఎందుకు వచ్చానో మరచిపోయాను. సిద్దిపేటలో మహబూబ్ చాచా కార్ఖానాలో, ఉడుకుతున్న రంగు గంగాళాల మధ్య నిలబడి ఉన్నాను. వెనకున్నాయన భుజం తట్టి కదలమనేదాకా ఏ బూత్‌లో ఉన్నానో, ఏ ఏడాదిలో ఉన్నానో తెలియలేదు.

చాచా నూలుకూ చీరలకూ రంగు వేసేవాడు. ఆయన దగ్గర పనిలో చేరేనాటికి నాకు ఓటు వయసు కొత్తగా వచ్చింది, బుద్ధి ఇంకా రాలేదు. తెలియదని చెప్పడం నాకు నామోషీ. ఎవరేం అడిగినా అప్పటికప్పుడు ఒక జవాబు అల్లి చేతిలో పెట్టేవాణ్ణి. చాచా దీనికి పూర్తిగా ఎదురు. తెలియకపోతే బజారులో ఎవరినైనా ఆపి అడిగేవాడు. అర్థం కాకపోతే ఇంకొకరిని ఆపేవాడు. ఇద్దరూ రెండు రకాలుగా చెబితే ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, మళ్లీ మొదటినుంచి అడిగేవాడు.

మున్సిపాలిటీ ఎన్నికలు రాబోతున్నాయి, జాబితాలో పేర్లు చూసుకోండి అని మైకు కట్టిన రిక్షా తిరిగిన రోజు చాచా పని ఆపి గుమ్మంలోకి వచ్చాడు. అంతకుముందు ఎన్నికల్లో ఆయన ఓటు ఇంకెవరో వేసిపోయారు. నీ ఓటు పడిపోయిందని బూత్‌లో చెబితే, నేను ఇక్కడుండగా అది ఎట్లా పడిందని ఆలోచించుకుంటూ ఇంటికి వచ్చేశాడట. అట్లాంటప్పుడు నిలబడి అడిగితే టెండర్ ఓటని వేరే కాగితం ఇస్తారని తరువాతెప్పుడో తెలిసింది. జన్మలో ఒక్కసారి అడగకుండా వచ్చాడు, ఆ ఒక్కసారీ ఆయనను వదల్లేదు.

"ఎవలు గెలుస్తరో నాకెందుకు బేటా," అన్నాడు. "గీసారి నా ఓటు నా చేతులతోనే పడాలె."

కౌన్సిలర్ ఎన్నికలకు పేరు మళ్లీ వేరేగా రాయించుకోవాలని నేను ధీమాగా చెప్పాను. చాచా నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు నడిచాడు. పాత జాబితానే వార్డుల వారీగా విడదీస్తామని, పేరు లేనివాళ్లు మాత్రమే ఫారం నింపాలని గుమాస్తా చెప్పాడు. ఆయన పేరు ఉంది. నా పేరు లేదు. నాకు నేనే ఊళ్లో లేనట్టు అనిపించింది. పేరు, బాపు పేరు, వయసు, ఇంటి నంబరు రాసి ఫారం ఇచ్చాను. పని అయిపోయిందనుకున్నాను. కానీ జాబితా గోడకు అంటించిన రోజు చాచా మళ్లీ లాక్కుపోయి, అచ్చులో నా పేరు కళ్లారా చూసేదాకా వదల్లేదు. చూస్తే నా వయసు మా బాపు వయసు కన్నా పెద్దగా పడింది. దాన్ని దిద్దించడానికి ఇంకో ఫారం, ఇంకో తిరుగుడు. పార్టీవాళ్లు ఇంటికి పంచే చీటీయే ఓటని, అది పోతే ఓటు పోయినట్టేనని కూడా నేను నమ్మేవాణ్ణి. చీటీ లేకున్నా జాబితాలో పేరుంటే చాలని చాచా నలుగురిని అడిగి తేల్చాడు.

ఓటు కాగితం మడత సంగతి మాత్రం ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ముద్ర తడి ఆరకముందు అడ్డంగా మడిస్తే రంగు పక్క గుర్తుకు అంటుతుంది, నిలువుగా మడవాలి అని ఎవరో అంటుంటే తల ఊపాడు. తడి చీరను ఎట్లా మడిస్తే మరక పడుతుందో ఆయనకు తెలియనిదా? పాత కాగితాల మీద రంగుచుక్కలు పెట్టి, నాచేత మడిపించి, విప్పి చూసి, నాలుగు తిట్లు తిట్టి మళ్లీ మడిపించాడు.

అసలు చిక్కు తరువాత వచ్చింది. లోపలికి పోగానే ముందు వేలు చూస్తారని, సిరా ఉంటే వెనక్కి పంపుతారని ఎవరో చెప్పారు. చాచా తన చేతులు చూసుకున్నాడు. పది వేళ్లూ నేరేడు పండు రంగు. ఆ రోజునుంచి గంగాళంలో చెయ్యి పెట్టలేదు. నిమ్మకాయ, చింతపండు, కిరసనాయిలు, దొరికిందల్లా రుద్దాడు. చేతులు వెనక్కి కట్టుకుని బడిపంతులులా తిరుగుతూ మాకు పని చెప్పేవాడు. పోలింగ్ ముందురోజుకు వేళ్లు వేళ్ల రంగుకు వచ్చాయి. చాచీ వాటిని చూసి, ఎవరి చేతులు కిరాయికి తెచ్చుకున్నావని అడిగింది.

ఆ మధ్యాహ్నమే నంగునూరునుంచి ఒకావిడ వచ్చింది. మర్నాడు అత్తవారింటికి పోయే కూతురికి ఒడిబియ్యం పోయాలి. ఆ బియ్యం పోసే చీర మీదే మరక పడింది. మళ్లీ నేరేడు రంగులో ముంచి ఇవ్వాలి. పక్కన ఒక పాత గుడ్డ మీద నేను వేసి చూపిస్తే, అది వానకు తడిసిన గోడలా వచ్చింది. రేపు ఓటేసి వచ్చాక ముంచుదాం చాచా అన్నాను. పొద్దున్నే బస్సని ఆవిడ మెల్లగా చెప్పింది. చాచా చీర చూశాడు, చేతులు చూసుకున్నాడు, మళ్లీ చీర చూశాడు.

"ఒడి నిండకుండ బిడ్డను ఎట్ల తోలుతదిరా," అని చేతులు మోచేతులదాకా ముంచాడు.

మర్నాడు బూత్‌లో ఆయన ముందు, నేను వెనక. అధికారి వేరే ఊరివాడు. చాచా వేలిని పట్టుకున్నాడు, వదిలేశాడు, మళ్లీ పట్టుకున్నాడు. బల్ల పక్కన కూర్చున్న ఒక అభ్యర్థి ఏజెంటు నవ్వాడు. "పొద్దుగాల్నే ఏ బూతుల ఏసొచ్చినవ్ తాతా?"

చాచా రెండు చేతులూ బల్ల మీద పరిచాడు. "పది బూతులల్ల ఏసొచ్చిననుకో. బొటనేళ్లు గూడ ఓటేస్తయా?"

అధికారి పుస్తకం తిరగేశాడు. వేలు లేనివాడికి ఏం చేయాలో అందులో ఉంది. పది వేళ్లూ ఒకే రంగులో ఉన్నవాడికి ఏం చేయాలో లేదు. నేను వెనకనుంచి ఒక మంచి అబద్ధం మొదలుపెట్టబోయాను. చాచా తిరిగి చూసిన చూపుకు అది గొంతులోనే ఆగిపోయింది.

"నాకు సమజైతలేదు సారూ, మీకు సమజైతలేదు. సమజైనోళ్లను అడుగుదం. నేనైతే అడగకుండ పోను."

అడిగారు. జాబితాలో ఆయన పేరు పక్కన ఓటేసినట్టు గీత పడలేదు. ఆయన ఎవరో, చేసే పనేమిటో వరుసలో ఉన్న సగంమంది చెప్పారు. అధికారి సరేనన్నాడు. అప్పుడు చాచాయే అడ్డం తిరిగాడు. రంగు మీద రంగు పెడితే గుర్తు కనపడదు, కనపడేచోట పెట్టమన్నాడు. అధికారి చాలాసేపు ఆలోచించి, కిందికి వంగి, ఆయన కాలి బొటనవేలికి సిరా పూశాడు. చాచా చెప్పులు చేతపట్టుకుని, ఆ కాలు ముందు పెట్టుకుంటూ బజారంతా నడిచి ఇంటికి వచ్చాడు.

ఎవరికి వేశావని దారిలో అడిగాను.

"గా ఓటేసే అట్ట ఎనకకు నన్నొక్కన్నే ఎందుకు పంపిన్రో, ముందుగాల గది ఆలోచించు," అన్నాడు. ఆలోచిస్తూనే ఉన్నాను. నేను ఎవరికి వేశానో కూడా ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఇక్కడిదాకా వచ్చాక ఒకటి ఒప్పుకోవాలి. కాలి వేలు నా కల్పన. అధికారి సిరా వేలికే పెట్టాడు. అది ఆ నేరేడు రంగులో కలిసిపోయింది. దారిలో ఎదురైనవాళ్లు మా గోళ్లు చూసి, నువ్వు వెయ్యలేదా చాచా అని అడిగారు. అందరికీ ఓపికగా వేశానని చెప్పాడు. కానీ నడక మాత్రం చిన్నబోయింది. అన్నాళ్లు ఎదురుచూసిన ఓటుకు గుర్తు లేకుండా పోయింది.

ఆ తరువాత కూడా ఆయన గంగాళం ముట్టలేదు. ఎందుకో నాకు అర్థం కాలేదు. ఒక పొద్దున నన్ను గుమ్మంలో వెలుతురుకు పిలిచి వేలు చూపించాడు. రంగంతా పోయింది. గోరు మొదట్లో నల్లటి గీత ఒకటి నిలిచి ఉంది.

"మనది పోయింది," అన్నాడు. "గిది ఉన్నది."

కాసేపు చూసుకుని, లోపలికి పోయి చెయ్యి గంగాళంలో పెట్టాడు. ఆ గీతను చూసింది నేనొక్కణ్ణే. ఊరంతా చూడాల్సింది. అందుకే కాలికి పూశాను.

మిగతాదంతా నిజం. నమ్మకం లేకపోతే సిద్దిపేట బజారులో ఎవరినైనా ఆపి అడగండి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే, చాయ్ తెప్పించండి.