వాలు నేల మీద కొలత

మా పెదనాన్నని అందరూ ఎర్రాయిల్ మేస్త్రి అనేవారు. ఆటోమేటిక్ కార్ల గేర్‌బాక్సులో పోసే ఆయిల్ ఎర్రగా ఉంటుంది. ఆయన చొక్కా జేబులు, గోళ్ళ సందులు, ఆఖరికి దిండు గలీబులు కూడా ఆ మరకలతోనే ఉండేవి. ఉతికి ఉతికి విసిగిపోయిన పెద్దమ్మ, "నేను కట్టుకున్నది మనిషినా, ఆయిల్ డబ్బానా?" అని గొణిగేది.

ఆటోమేటిక్ బండ్లు కొత్తగా వచ్చిన రోజుల్లో మిగతా మెకానిక్కులు వాటి జోలికి పోయేవారు కాదు. పెదనాన్న మాత్రం ఎక్కడో పడేసిన గేర్‌బాక్సు ఒకటి మోసుకొచ్చి, ఇంటి వరండాలో పాత దుప్పటి పరిచి, విప్పి బిగించాడు. మొదటి మూడుసార్లూ ఏవో రెండు స్ప్రింగులు మిగిలిపోయాయి. నాలుగోసారి ఏమీ మిగల్లేదు. ఆ తర్వాత ఆయనకి తిరుగులేకపోయింది.

బండి రాగానే బానెట్ ఎత్తే అలవాటు ఆయనకి లేదు. ముందు యజమాని పక్కన కూర్చుని ఓ చుట్టు తిరిగొచ్చేవాడు. తర్వాత బ్రేకు మీద కాలు వేసి, గేరు రివర్సులోకి మార్చి, బండి చిన్నగా కదిలి పట్టుకునేదాకా లోలోపల లెక్కపెట్టేవాడు. "ఒకటి అనేలోపు పట్టుకోవాలి. రెండు దాకా సాగిందంటే లోపల ఏదో తేడా ఉన్నట్టే" అనేవాడు. అప్పుడు ఆయిల్ కొలిచే గేజు లాగి, తుడిచి, మళ్ళీ దింపి, మళ్ళీ తీసి, దాని కొసని తెల్లకాగితానికి అద్దేవాడు. మరక ఎర్రగా, అద్దంలా ఉంటే మంచిది. గోధుమరంగుకి తిరిగి మాడు వాసన వేస్తే లోపల క్లచ్ పలకలు కాలుతున్నాయన్నమాట. వేళ్ళ మధ్య రుద్దితే గరగరలాడిందా, ఇక గేర్‌బాక్సు దించాల్సిందే.

మా నాన్న ఆయనకి తోడల్లుడు. పెళ్ళయిన ఏడాదికి బస్సు డిపోలో పని మానేసి పెదనాన్న షెడ్డులో చేరాడు. రోగం కనిపెట్టడం పెదనాన్న పని, విప్పి బాగుచేసి ఆయిల్ పోసి అప్పగించడం నాన్న పని. పెదనాన్నది పెద్ద గొంతు. నాన్నకి అసలు గొంతుందా అని కొత్తవాళ్ళకి అనుమానం వచ్చేది. రెండిళ్ళ మధ్య మూడే గుమ్మాలు. అమ్మ, పెద్దమ్మ ఒకే మిక్సీ వాడేవారు. అది ఎవరిదో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆయిల్ చూసే పద్ధతి పెదనాన్న నాన్నకి మొదటిరోజే నేర్పాడు. బండి బాగా వేడెక్కాలి, ఇంజను తిరుగుతూ ఉండాలి, నేల చదునుగా ఉండాలి. ఎన్ని లీటర్లు పోయాలో పుస్తకంలో రాసున్నా, పాత ఆయిల్ లోపల ఎంత మిగిలిందో ఎవరికీ తెలీదు కాబట్టి ఆఖరి మాట గేజుదే.

నాకు పదమూడేళ్ళప్పుడు పని పెరిగి, షెడ్డు వెనక్కి మరో గది పొడిగించారు. కడిగిన నీళ్ళు నిలవకూడదని, వెనకగోడ దగ్గర కాలవ పెట్టించి, నేలని అటువైపు వాలుగా పోయమని పెదనాన్నే తాపీమేస్త్రికి చెప్పాడు. ముందుభాగం ఆయన అట్టే పెట్టుకుని, కొత్తగది నాన్నకిచ్చాడు. నాన్న పొంగిపోయాడు. గోడకి స్వయంగా సున్నం వేసి, పానాలు వేలాడదీయడానికి మేకులు కొట్టుకున్నాడు.

ఆ వానాకాలంలో నాన్న అప్పగించిన బండ్లు ఒకటొకటిగా తిరిగి రావడం మొదలైంది. రివర్సు వేస్తే ఆలస్యంగా పట్టుకోవడం, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను అరుస్తున్నా బండి కదలకపోవడం. పెదనాన్న ముందుభాగంలో ఆపి చూస్తే, ప్రతి బండిలోనూ ఆయిల్ తక్కువే.

"నిండా చూసే పంపాను అన్నయ్యా" అన్నాడు నాన్న మొదటిసారి.

"చూసుంటే ఇలా ఎందుకొస్తుంది తమ్ముడూ? ఎటో ఆలోచిస్తూ ఉంటావు."

రెండోసారీ అదే. మూడోసారికి నాన్న ఇంట్లో అన్నం ముందు కూర్చుని కూడా చూపుడువేలు గాల్లో పైకీ కిందకీ కదిపేవాడు, గేజు దించి తీస్తున్నట్టు.

నాలుగో బండి ఒక టీచరమ్మది. ఆవిడ వాళ్ళమ్మని ఆసుపత్రికి తీసుకెళ్తుంటే వంతెన ఎక్కే చోట బండి మొరాయించింది. వెనక లారీవాళ్ళు దిగి, ముసలావిడని తమ బండిలోకి ఎక్కించి తీసుకెళ్ళారు. ప్రాణానికేమీ కాలేదు గానీ, గేర్‌బాక్సు లోపలంతా మాడిపోయింది. మర్నాడు బండిని తాడుతో లాక్కొచ్చారు. ఆరోజు బడికి సెలవు, నాన్నకి అన్నం క్యారియర్ ఇవ్వడానికి వెళ్ళి నేనక్కడే ఉన్నాను. టీచరమ్మ ఏడుస్తోంది. షెడ్డులో ఇంకో ఇద్దరు ముగ్గురున్నారు. పెదనాన్న గేజు తీసి నాన్న మొహం ముందు పెట్టాడు. కొస పొడిగా ఉంది.

"నిండుగా ఉందని అంటావా ఇప్పుడు కూడా?"

"పంపినప్పుడు నిండుగానే ఉంది అన్నయ్యా."

"తప్పు చేసినవాణ్ణి భరిస్తాను. చూడకుండా చూశానని అబద్ధమాడేవాడితో మాత్రం నావల్ల కాదు."

నాన్న చేతిలోని గుడ్డ మడతపెట్టి బల్ల మీద ఉంచాడు. కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. తర్వాత నా చేతిలో క్యారియర్ అందుకుని, "ఇంటికెళ్దాం పద" అన్నాడు.

నాన్న అట్టపెట్టెల కంపెనీ గేటు దగ్గర ఉద్యోగంలో చేరాడు. వచ్చేపోయే బండ్ల నంబర్లు రిజిస్టర్లో రాయాలి, అంతే. మళ్ళీ బానెట్ ఎత్తలేదు. మా స్కూటర్ ఆగిపోయినా వీధి చివర మెకానిక్ దగ్గరికి నెట్టుకెళ్ళేవాడు. అమ్మ పోట్లాడదామంటే వద్దన్నాడు. "నేనే చూడలేదేమోలేవే. నాలుగు బండ్లూ అబద్ధం చెప్తాయా?" అన్నాడు. నిజంగానే అలా నమ్మాడు. గ్యాస్ కట్టేశానా, తాళం వేశానా అని మూడేసిసార్లు వెనక్కి వెళ్ళి చూసుకునే మనిషిగా మారిపోయాడు.

అక్కాచెల్లెళ్ళు కూరగాయల బండి దగ్గర కలుసుకుని, రెండు మాటలు మాట్లాడి, ఎవరింటికి వాళ్ళు వెళ్ళిపోయేవారు. మేం కొత్త మిక్సీ కొనుక్కున్నాం.

పెదనాన్న వెనకగదిలో టైర్లు, పాత సామాను పడేసి, పనంతా ముందుభాగంలో తనే చేసుకున్నాడు. బండ్లు తిరిగి రావడం ఆగిపోయింది. "చూశావా?" అన్నాడట పెద్దమ్మతో. ఏమనగలదావిడ?

తొమ్మిదేళ్ళు గడిచాయి. ఒక వేసవిలో ముందుభాగంలో ఒక బండి గేర్‌బాక్సు దించి పెట్టి ఉండగా ఇంకో బండి ఆయిల్ మార్చడానికి వచ్చింది. పెదనాన్న వెనకగది ఖాళీ చేయించి, నాన్న పెట్టినట్టే బండిని ముక్కు గోడవైపు పెట్టి, అక్కడే మార్చాడు. తన చేత్తోనే పోశాడు, తన కళ్ళతోనే గేజు చూశాడు. నిండుగా ఉంది. మూడోరోజు ఆ బండి తిరిగొచ్చింది. రివర్సు వేస్తే ఆలస్యంగా పట్టుకుంటోంది.

ముందుభాగంలో ఆపి చూశాడు. వేలెడు తక్కువ. కారిందేమో అని కిందికి దూరి చూశాడు. ఎక్కడా చుక్క లేదు. ఇంజను ఆపకుండా వెనకగదిలోకి తీసుకెళ్ళి చూశాడు. నిండుగా ఉంది. ముందుకి తెచ్చాడు, తక్కువ. అలా నాలుగుసార్లు తిప్పాడట. ఆఖరికి బకెట్టు నీళ్ళు తెచ్చి వెనకగది గుమ్మంలో కుమ్మరించాడు. నీళ్ళు గబగబా కాలవకేసి పరిగెత్తాయి. ముక్కు దించుకుని నిలబడ్డ బండిలో ఆయిలంతా గేజు ఉన్న వైపుకి చేరి, తక్కువున్నా నిండుగా చూపిస్తోంది. అటూ ఇటూ వందలసార్లు నడిచిన నేలే. కొలతకీ ఆ వాలుకీ లంకె ఉంటుందని ఇద్దరికీ తోచలేదు.

మర్నాడు పొద్దున్నే మా ఇంటికొచ్చాడు. నాన్న డ్యూటీకి బయల్దేరుతూ కాలరు సర్దుకుంటున్నాడు. గుమ్మంలో ఆయన్ని చూసి ఒక్క క్షణం ఆగాడు.

"లోపలికి రా అన్నయ్యా."

పెదనాన్న కూర్చోలేదు. నిలబడే చెప్పాడు, వాలు, నీళ్ళు, నాలుగుసార్లు తిప్పడం, అన్నీ. ఆ పెద్ద గొంతు అంత చిన్నదవడం నేనెప్పుడూ వినలేదు.

నాన్న అడిగిన మొదటి మాట, "తేడా ఎంత?"

"వేలెడు."

నాన్న కుర్చీలో కూర్చుండిపోయాడు. "అయితే నేను చూశాను" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. "సరిగ్గానే చూశాను."

"తిట్టు తమ్ముడూ. నాలుగు తిట్టు. చెయ్యి చేసుకున్నా పడతాను."

"ఎందుకులే అన్నయ్యా. టైమవుతోంది" అని నాన్న లేచాడు. కానీ చెప్పులేసుకోవడం మర్చిపోయి మెట్లు దిగాడు. అమ్మ వెనకాలే వెళ్ళి అందించింది.

పెదనాన్న టీచరమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి తప్పు తనదని చెప్పుకున్నాడు. ఆరోజు షెడ్డులో ఉన్న మిగతావాళ్ళలో దొరికినవాళ్ళందరికీ చెప్పాడు. వెనకగది నేల తవ్వించి, చదునుగా పోయించి, నాన్నని రమ్మన్నాడు. ఒక ఆదివారం నాన్న వెళ్ళాడు, నేనూ వెంటవెళ్ళాను. నాన్న కొట్టిన మేకులు గోడకి అలాగే ఉన్నాయి. ఆరోజు వచ్చిన బండి బానెట్ ఎత్తి నాన్న గేజు కోసం వెతికాడు.

"వీటికి గేజు ఉండదు తమ్ముడూ. కింద బిరడా విప్పి, కంప్యూటరు పెట్టి వేడి చూసి కొలవాలి."

నాన్న బానెట్ మెల్లగా దించాడు. "అయితే నాకేం తెలీదన్నమాట" అని నవ్వాడు. నేర్చుకుందువులే అని పెదనాన్న ఎంత బతిమాలినా, "ఇప్పుడెక్కడ అన్నయ్యా, కళ్ళు కూడా సరిగా ఆనడం లేదు" అన్నాడు. గేటు ఉద్యోగంలోనే ఉండి, అక్కడే రిటైరయ్యాడు.

రాకపోకలు మళ్ళీ మొదలయ్యాయి. అమ్మా పెద్దమ్మా మునుపటిలాగే కబుర్లాడుకునేవారు. మగాళ్ళిద్దరూ మాత్రం వానల గురించీ, మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడుకునేవారు. బండ్ల మాట ఎత్తేవారు కాదు.

షెడ్డు అమ్మేసిన ఏడాది, నేను చూడ్డానికి వెళ్తే పెదనాన్న వరండాలో ఒక్కడే ఉన్నాడు. అడగకుండానే చెప్పాడు.

"ఆ నాలుగు బండ్లలో ఒక్కదాన్ని వెనకగదిలోకి తీసుకెళ్ళి చూసుంటే సరిపోయేదమ్మా. రెండు నిమిషాల పని."

"తోచలేదు కదా పెదనాన్నా."

"తోచకపోవడం కాదు. అప్పటికి బండ్లవాళ్ళు నన్ను కాదని మీ నాన్నని అడగడం మొదలెట్టారు. పనితనం చూసి. వాడు తప్పు చేశాడంటే నాకు నమ్మబుద్ధయింది. నమ్మాక ఇంకేం చూస్తాను?"

పెదనాన్న "ఈ మాట మీ నాన్నకి చెప్పలేకపోయాను" అన్నాడు. నన్ను చెప్పమన్నాడో, చెప్పొద్దన్నాడో ఆయన మొహం చూస్తే అర్థం కాలేదు. ఇంటికొచ్చేసరికి నాన్న తలుపు తాళం మూడోసారి లాగి చూసుకుంటున్నాడు. నేనేమీ చెప్పలేదు.