పాచిక వెయ్యకుండా చంపిన గొర్రెలవ్వ

మొన్న హిందూపురంలో మా చెల్లెలి గృహప్రవేశానికి పోతే, తల నెరిసిన మా పెద్దమ్మ కొడుకు, వరసకు నాకు అన్న, పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని మా చిన్ననాటి ఆట గురించి చెబుతూ, "గొర్రెలవ్వని ఒగామెని పుట్టిచ్చినా నేను, ఆమెని ఎవురూ గెల్సలేకపోయిరి" అంటుంటే, చేతిలోని పాయసం గ్లాసు కింద పెట్టేశాను. గొర్రెలవ్వ నాది.

తొంభైలలో బెంగళూరులో చదువుకునే ఈ అన్నే వేసవి సెలవులకు మేమంతా చేరే ధర్మవరంలోని తమ ఇంటికి వస్తూ ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకమూ, బోలెడు ముఖాలున్న రంగురంగుల పాచికలూ తెచ్చాడు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్ళు తలా ఒక పాత్రగా మారి ఏం చేస్తామో చెప్పాలి, అది కుదిరిందో లేదో పాచిక తేలుస్తుంది, అంతే ఆట. పుస్తకంలోని మంచుదేశాలు మాకు అంతుపట్టక, పెనుకొండ కోటనే రాక్షసులతో నింపుకుని, మగ్గాల చప్పుడుకు మించి అరుస్తూ ఎంత సంబరంగా ఆడేవాళ్ళమో! తమ్ముళ్ళందరూ కత్తివీరులైతే, నేను గొంగడి కప్పుకున్న ముసలి గొర్రెలకాపరినయ్యాను. ఆ గొంగట్లో బాణం దిగదు, ఆమె ఈల వేస్తే తోడేళ్ళు కుక్కపిల్లల్లా కూర్చుంటాయి, చేతికర్ర తగిలితే బురుజైనా కూలాల్సిందే. ఇంత బలం అన్యాయమని తమ్ముళ్ళు గోలపెట్టేవాళ్ళు గానీ, ఆపద వస్తే అందరూ దూరేది ఆ గొంగడి కిందికే.

మరుసటి వేసవికి నేను పెద్దమనిషినయ్యాను. చాప మీద కూర్చోబోతుంటే పెద్దనాయన చూసి, "ఇంగా మగపిల్లోళ్ళ నడుమ కూచునేదేంది? లోపలికి పో, మీ పెద్దమ్మకి పని చేసిపెట్టు" అన్నాడు. తమ్ముళ్ళు జరిగి నా చోటు నింపేశారు. నన్ను బతిమాలి ఆటలోకి లాగిన అన్న కూడా తల వంచుకుని పాచికలు గలగలలాడిస్తూ కూర్చున్నాడు. వంటింట్లో ఉల్లిగడ్డలు తరుగుతుంటే అతని గొంతు వినిపించింది: "గొర్రెలవ్వ బాయిలో పడి సచ్చిపోయ."

కత్తిపీట వదిలేసి పరిగెత్తాను.

"పాచిక ఎయ్యకుండా ఎట్ల సంపుతావు?"

"నువ్వు ఆటలోనే లేవు, ఇంగ ఆ ముసిల్ది యాల?" అని నవ్వాడు.

పాచిక లాక్కోబోతే పెద్దనాయన నా రెక్క పట్టి లోపలికి ఈడ్చాడు. ఆ సెలవులన్నీ గోడ అవతల వాళ్ళు గెలిచే కేకలు వింటూ పళ్ళు కొరుక్కున్నాను.

అందుకే మొన్న అందరి ముందరా అడిగాను. "ఆమెని పుట్టిచ్చింది నేను, సంపింది నువ్వు. అది గూడా చెప్పు పిల్లోళ్ళకి."

"చిన్నపిల్లలాట, ఇంగా మనసులో పెట్టుకోనుండావా మ్మా?" అన్నాడు నవ్వబోతూ. పెట్టుకున్నానన్నాను. అప్పుడు మా చెల్లెలి కూతురు, "యాల సంపితివి మామా?" అని అడిగింది.

ఇప్పుడు నా కూతురు సెలవు రోజుల్లో ఇలాంటి ఆటే ఆడుతుంది. వచ్చేవాళ్ళలో మగపిల్లలే ఎక్కువ. పొద్దుగూకేదాకా మా హాల్లో కూర్చుని కేకలు పెడతారు, ఆమెను లేచి లోపలికి పొమ్మనేవాళ్ళు ఎవరూ లేరు. కాలం మారినందుకు సంతోషించమంటారు నా వయసువాళ్ళు. సంతోషమే. కానీ ఒక ఆడపిల్లను ఆడుకోనివ్వడం ఇంత సులువని కళ్ళారా చూస్తున్నకొద్దీ, ఆనాడు ఆ ఇంట్లో ఒక్కరికైనా అది ఎందుకు చేతకాలేదా అని నాకు కోపం కొత్తగా పుట్టుకొస్తుంది.