కబురు రాని కార్తీకాలు

మొన్న దీపావళి వెళ్ళిన నాలుగో రోజు, హైదరాబాద్ నుంచి వచ్చిన ఓ జంట మా గుమ్మం ముందు కారు ఆపారు. ఇద్దరి మెడల్లోనూ మూరెడు కెమెరాలు. హిమాలయాలు దాటి వచ్చే బాతుల కోసం వెతుకుతున్నారట. చెరువు కట్టకు దారి అడిగారు. "అవి రావడం మానేసి ముప్పై ఏళ్ళయింది" అన్నాను. "అట్లనా అంకుల్? మరి ఇవేంటి? పొద్దున రోడ్డు మీదికెళ్ళే దూరంగ తీసినం" అంటూ ఆమె కెమెరా చూపించింది. బూడిదరంగు ఒళ్ళు, నెత్తి మీద రెండు నల్ల గీతలు. అవే.

మాది జహీరాబాద్ దాటాక ఝరాసంగం వైపు ఊరు. తాత కాలం నుంచీ మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. కార్తీకంలో ఆ బాతులు చెరువులో దిగిన మొదటి పొద్దున, తూములు తీసి పొలాలకు నీళ్ళు వదిలే నీరడి మా వాకిట్లోకి వచ్చి "పిట్టలు దిగినయి పటేలా" అనేవాడు. నాన్న అతని తలకు కొత్త రుమాలు చుట్టేవాడు. ఆ తర్వాతే మేము కట్ట ఎక్కాలి. కబురు రాకముందు వెళ్ళడం మా ఇంటికి తక్కువతనం. పిట్టల్ని వెతుక్కుంటూ తిరిగేది పనిలేనివాళ్ళని నాన్న అనేవాడు. అప్పటికి ఆయనకూ పనేమీ లేదన్నది వేరే సంగతి.

పటేల్‌గిరీ, మెట్ట చెలకలు ఎప్పుడో పోయాయి. చెరువు కింది మడి కూడా చేజారిన ఏడు, కబురు వచ్చే వేళకు ఇంట్లో కొత్త రుమాలు లేదు. నాన్న తన తల మీదిదే విప్పి నీరడికి చుట్టాడు. వాకిట్లో ఆయన బోడితల చూడడం నాకు అదే మొదలు. నీరడి తల ఎత్తలేదు. మరుసటి ఏడు వచ్చి చేతులు కట్టుకుని, "ఈసారి పిట్టలు రాలే పటేలా" అన్నాడు. పై ఏడూ అదే మాట. "మన ఇంటితోటే అవి గూడ పోయినయి" అన్నాడు నాన్న, కాస్త గర్వంగానే. అయినా బతికినన్నాళ్ళూ కార్తీకమంతా పొద్దున్నే వాకిట్లో కుర్చీ వేయించుకునేవాడు. ఆకాశంలో అరుపు వినబడితే కొంగలనుకునేవాళ్ళం. చెరువు అర కిలోమీటరే. ఆయన వెళ్ళలేదు. ఆయన చనిపోయాక నేనూ వెళ్ళలేదు.

ఆ జంటను పంపించి నీరడి కొడుకు దగ్గరికి వెళ్ళాను. తండ్రి పోయాక అతను ఆటో నడుపుకుంటున్నాడు, నా ఈడువాడే. మీ నాయన అబద్ధం చెప్పాడా అని అడిగాను.

"చెప్పిండు పటేలా" అన్నాడు, ఆటో అద్దం తుడుస్తూనే. "పెద్ద పటేలు బోడి నెత్తితోని నిలవడ్డది చూసి మా నాయిన రెండు పూటలు బువ్వ తినలే. మల్ల పోయి చెప్తే ఇంకేం విప్పుతడురా అన్నడు." గుడ్డ పిండి, "ఊరందరికీ ఎర్కే. మీరు ఒక్కపారి కట్టెక్కితే తెల్వకపోవునా?" అన్నాడు.

అంటే ముప్పై ఏళ్ళుగా ఊరంతా మా మీద జాలి పడింది. ఆ జాలి మా చెవిన పడకుండా జాగ్రత్త కూడా పడింది. తిట్టి ఉంటే భరించేవాణ్ణి.

మరునాడు పొద్దున, ఎవరూ కబురు తేకుండానే, కట్ట ఎక్కాను. ఆ జంట బురదలో బోర్లా పడుకుని ఉన్నారు. పిట్టలు బెదురుతాయి, వంగమని ఆమె చేత్తో సైగ చేసింది. మా ఇంట్లో ఎవరూ ఒకరి మాటకు వంగినవాళ్ళు కారు. వంగాను. నీళ్ళ మీద అరవై డెబ్భై దాకా ఉన్నాయి, ఏ తొందరా లేకుండా.

కాలం వాకిట్లోకి వచ్చి చెప్పి వెళుతుందని తండ్రీ కొడుకులం కూర్చున్నాం. అది అర కిలోమీటరు దూరాన ఏటేటా దిగి, మమ్మల్ని అడక్కుండానే లేచి వెళ్ళిపోతూ వచ్చింది.