కండక్టరమ్మ ఎక్కించిన కేసు

కండక్టరమ్మకు రిటైరయ్యాక ఇంట్లో పట్టుమని పది రోజులు కూడా తోచలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆవిడ "రైట్" అంటే బస్సు కదిలేది, "హోల్డాన్" అంటే ఆగేది. ఆ బస్సు నడిపింది ఎవరో కాదు, ఆవిడ మొగుడే. ఇద్దరిదీ ఒకటే డిపో, ఒకటే రూటు. ఇంట్లో కూడా అదే పద్ధతి. "సంసారం వెనక నుంచి ఆవిడ నడుపుతుంది, నేను ముందు స్టీరింగు పట్టుకుని కూర్చుంటాను, అంతే" అని డ్రైవరుగారు నలుగురిలో చెప్పుకుని నవ్వేవాడు.

ఖాళీగా కూర్చున్న మనిషికి గొంతు తగ్గుతుందా? పాలు పొంగుతున్నాయని వంటింట్లోంచి కేక వేస్తే వీధి చివరి ఇంటివాళ్ళు వెళ్ళి తమ పొయ్యి కట్టేసేవారు.

"నువ్విలా ఇంకో నెల ఇంట్లో ఉంటే పక్కింటివాళ్ళు ఖాళీ చేసేట్టున్నారు. వంట నేను చూసుకుంటా గానీ, ఎక్కడికన్నా వెళ్ళిరా తల్లీ" అన్నాడు డ్రైవరుగారు.

ఎక్కడికి వెళ్ళాలో ఆవిడకు ముందే తెలుసు. కోర్టుకు.

ఆవిడ రూటులో కోర్టు స్టాపు ఒకటుండేది. పొద్దున అక్కడ దిగేవాళ్ళు కాగితాల సంచీ గుండెకు హత్తుకుని దిగేవాళ్ళు. సాయంత్రం అక్కడే ఎక్కేవాళ్ళు. టికెట్టు అడగడం కూడా మర్చిపోయి కిటికీలోంచి చూస్తూ కూర్చునేవాళ్ళు. గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడిస్తే, ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడంటారు. ఈ రెండు ఏడుపులకూ మధ్య ఉన్న ప్రయాణం మొత్తం కండక్టరమ్మ బస్సులోనే జరిగేది. వాళ్ళకేదన్నా సాయం చేయాలనిపించేది. ఏం చేయాలో తెలియక చిల్లర మాత్రం సరిగ్గా ఇచ్చి ఊరుకునేది.

అందుకే కోర్టు ఆవరణలో ఉచిత న్యాయ సహాయ కేంద్రానికి సాయం చేసే మనుషులు కావాలని తెలియగానే వెళ్ళి పేరిచ్చేసింది.

ఆ కేంద్రం సైకిల్ స్టాండు వెనక ఒక చిన్న గది. బోర్డు ఉంది గానీ దాని ముందు ఎప్పుడూ ఎవరిదో ఒక వ్యాను నిలబడి ఉండేది. లోపల ఒక బల్ల, కిర్రుమనే ఫ్యాను, దాని కింద ఒక చిన్న ప్లీడరమ్మ. ఈ మధ్యనే పట్టా పుచ్చుకున్న పిల్ల. చదువు దండిగా ఉంది, కేసులే లేవు. ఉచితంగా దొరికే ప్లీడరు ఉచితంగానే ఓడిపోతాడని జనం నమ్మకం.

"ఎవరూ రారమ్మా. ఉన్నామని ఎవరికీ తెలీదు" అంది ప్లీడరమ్మ దిగులుగా.

"అడగందే అమ్మైనా పెట్టదు. వాళ్ళకు అడగడం రాకపోతే మనమే పిలవాలి తల్లీ" అని కండక్టరమ్మ గేటు దగ్గరికి వెళ్ళి నిలబడింది. గట్టిగా ఊపిరి పీల్చి కేక వేసింది.

"లాయరు కావాలా లాయరు! ఫీజు లేదు! రండి రండి, లోపల సీట్లు ఖాళీ!"

గేటు దగ్గర పావురాలన్నీ లేచిపోయాయి. టీ తాగుతున్న ప్లీడర్లు ఉలిక్కిపడి బట్టల మీద ఒలకబోసుకున్నారు. చిన్న ప్లీడరమ్మ బల్ల కింద దూరదామా అన్నంత సిగ్గుపడింది. కానీ ఆ మధ్యాహ్నం గదిలో కూర్చోవడానికి చోటు లేదు.

వచ్చినవాళ్ళు కథ చెప్పే తీరు ఉంటుంది చూడండి, ఆ బ్రహ్మకు కూడా అర్థం కాదు. పొలం గట్టు తగాదా అని మొదలుపెట్టి బావమరిది పెళ్ళిలో జరిగిన అవమానం దగ్గర తేలతారు. కండక్టరమ్మ అందుకు తన పద్ధతి పెట్టింది. ఎవరొచ్చినా రెండే ప్రశ్నలు. "ఎక్కడ ఎక్కారు? ఎక్కడ దిగాలి?" అంటే గొడవ ఎక్కడ మొదలైంది, చివరికి మీకేం కావాలి అని. ఆ తర్వాత మధ్యలో ఒక్క స్టాపు కూడా వదలడానికి లేదు. "ఆగండాగండి, ఒక స్టాపు దాటేశారు. ఇంటి నుంచి బయల్దేరి నేరుగా తహసీల్దారు దగ్గర ఎలా తేలారు? మధ్యలో ఎవర్ని కలిశారు?" ప్లీడరమ్మ మొదట్లో నవ్వుకునేది. తర్వాత తను కూడా అలాగే అడగడం మొదలుపెట్టింది.

ఒకరోజు ఒక దర్జీ ఆవిడ వచ్చింది. వస్తూనే కండక్టరమ్మ కాళ్ళ దగ్గర కూలబడబోయింది.

"అక్కా, నన్ను గుర్తుపట్టావా? టైలరుషాపు స్టాపు!"

గుర్తుపట్టకపోవడమేమిటి! ఆ స్టాపుకు సర్కారు పెట్టిన పేరొకటి ఉంది, అది ఎవరికీ తెలియదు. ఈవిడ కుట్టు షాపు ముందు బస్సు ఆగుతుంది కాబట్టి "టైలరుషాపు, టైలరుషాపు" అని అన్నేళ్ళూ అరిచింది కండక్టరమ్మే. తన యూనిఫాం జాకెట్లన్నీ అక్కడే కుట్టించుకుంది.

"లే ముందు. బెంచీ మీద కూర్చో. ఎక్కడ దిగాలి నీకు?"

"నా షాపు దగ్గరే దిగాలక్కా. ఇంకెక్కడికి పోతాను?" అని దర్జీ ఆవిడ బావురుమంది.

సంగతి ఇది. షాపు అద్దెది. ఆ చోటుకు ఎక్కువ అద్దె ఇస్తామని ఎవరో పెద్ద పార్టీ వచ్చింది. యజమానికి ఆశ పుట్టింది. షాపు ఖాళీ చేయించమని దావా వేశాడు. వాయిదా రోజు దర్జీ ఆవిడ కోర్టుకు రాలేదని, యజమాని మాట ఒక్కటే విని, ఖాళీ చేయమని ఉత్తర్వు ఇచ్చేశారు. ఆ కాగితం ఇప్పుడు షట్టరుకు అంటించి ఉంది. ఆ షాపు పోతే మిషను పెట్టుకోవడానికి ఆవిడకు వేరే చోటు లేదు. ఉన్న ఒక్క గదిలో మంచాన పడ్డ అత్తగారు, చదువుకునే కూతురు.

"వాయిదాకు ఎందుకు రాలేదమ్మా?" అంది ప్లీడరమ్మ.

"రాకపోవడమేంటమ్మా! పొద్దున్నే వచ్చి కోర్టు హాలు బయటే కూర్చున్నా. నా పేరు పిలుస్తారని సాయంత్రం దాకా చూశా. పిలవందే ఎలా వెళ్తాం, మర్యాద కాదు కదా?"

ప్లీడరమ్మ నుదురు పట్టుకుంది. ఆ కోర్టులో ఒక అలవాటుంది. బంట్రోతు గుమ్మంలోకి వచ్చి దావా వేసినవాడి పేరొక్కటే పిలుస్తాడు. ఆ పిలవడం కూడా తాంబూలం బుగ్గన పెట్టుకుని, పక్కవాడికి రహస్యం చెప్తున్నట్టు పిలుస్తాడు. రోజూ తిరిగేవాళ్ళకు అది చాలు. పాపం, ఈవిడకు యజమాని పేరు వినపడింది కూడా. ఆయన పని ఆయన చూసుకుంటున్నాడు, తర్వాత నన్ను పిలుస్తారులే అనుకుని కూర్చుంది.

"బయటే ఉన్నానని మనం చెప్తే సరిపోదు. అందరూ అలాగే చెప్తారు. చూసినవాళ్ళెవరైనా కావాలి" అంది ప్లీడరమ్మ.

కండక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. "పొద్దున కూర్చున్నావు, సాయంత్రం లేచావు. మధ్యలో స్టాపులన్నీ ఏవి? ఊరికే కూర్చున్నావా?"

"ఊరికే కూర్చోవడం నాకెక్కడ వచ్చక్కా? ఎవరో ప్లీడరుగారు హడావిడిగా వచ్చారు. నల్లగౌను చంక కింద ఇంత మేర చిరిగుంది. నా దగ్గర సూదీ దారం ఎప్పుడూ ఉంటాయి కదా, ఇటివ్వండి బాబూ అని తీసుకుని కుట్టిచ్చా. నల్లదారం లేక నీలం దారంతో కుట్టా. అదొక్కటే మనసులో పీకుతోంది."

"ఎవరా ప్లీడరు?" గదిలో ఇద్దరూ ఒక్కసారే అడిగారు.

"ముఖం చూడలేదక్కా. గౌనే చూశా. గౌను కనిపిస్తే చెప్తా, నా కుట్టు నాకు తెలీదా?"

ఇక చూడండి కండక్టరమ్మ అవస్థ. కోర్టు నిండా నల్లగౌన్లే. చంకలేమో అందరివీ మూసే ఉన్నాయి. "అదే బస్సయితేనా, అందరూ చేతులెత్తి కడ్డీ పట్టుకునేవాళ్ళు, ఒక్క చూపుతో తేలిపోయేది" అని వాపోయింది డ్రైవరుగారి దగ్గర. మర్నాడు వరండాలో నిలబడి కనిపించిన ప్లీడరునల్లా "అయ్యా, ఆ పైన వేలాడేదేంటి? సాలెగూడా, తేనెపట్టా?" అని అడిగింది. కొందరు గడ్డంతో చూపించారు, కొందరు కళ్ళతో చూపించారు. చెయ్యెత్తినవాడు ఒక్కడు లేడు. ఒకాయనైతే జాలిపడి కళ్ళ డాక్టరు చిరునామా ఇచ్చాడు.

విచారణ రోజు రానే వచ్చింది. పాత ఉత్తర్వు రద్దు చేసి కేసు మళ్ళీ వినాలని ప్లీడరమ్మ అర్జీ పెట్టింది. ఇది పోతే షాపు పోయినట్టే. అత్తగారికి ముద్ద పెట్టి, దేవుడికి మొక్కుకుని వచ్చానని చెప్పింది దర్జీ ఆవిడ. కండక్టరమ్మకు కూడా భయంగానే ఉంది గానీ పైకి మాత్రం, "బస్సు ఎక్కాం కదా, ఇక చేరేదాకా దిగేది లేదు" అంది. చివరి బెంచీలో కూర్చుని, నోరు తెరవకూడదని ప్లీడరమ్మ ఒట్టు పెట్టించుకుంటే పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జడ్జిగారు నెమ్మదస్తుడు. "ఆ రోజు మీరు కోర్టు బయటే ఉన్నానంటున్నారు. అవునా?" అని దర్జీ ఆవిడనే అడిగారు.

ఆవిడ చివరి బెంచీ వైపు చూసింది. కండక్టరమ్మ కొంగు చాటు నుంచే తల ఊపింది. అంతే, ఆవిడ మొదటి స్టాపు నుంచి మొదలుపెట్టి వరసగా చెప్పుకుంటూ వచ్చింది. బెంచీ, బంట్రోతు, యజమాని పేరు, చిరిగిన గౌను, అన్నీ.

యజమాని ప్లీడరు లేచాడు. పెద్దాయన, పేరున్నవాడు. "అయ్యా, ఇవన్నీ కట్టుకథలు! గౌనట, సూదట! అసలు ఆ గౌను ఎక్కడుంది?" అని గర్జిస్తూ కుడిచెయ్యి ఆకాశానికి ఎత్తాడు.

చంక కింద నీలంగా, సన్నగా, చీమల బారులా కుట్టు కనిపించింది.

"అదిగో! అదే నా కుట్టు!" అని అరిచింది దర్జీ ఆవిడ, ఎక్కడున్నదీ మర్చిపోయి.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు పెద్ద ప్లీడరుగారు చటుక్కున చంక తడుముకున్నాడు. గౌను పక్కకు లాగి చూసుకున్నాడు. ఆవిడ ముఖం చూశాడు. ఆ రోజు ఆవిడ గౌను చూసింది, ఆయన గడియారం చూశాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం ఇప్పుడే. ఒక్క అబద్ధం చాలు, ఆయన గట్టెక్కిపోతాడు.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అయ్యా, ఆవిడ చెప్పింది నిజం. నా గౌను కుట్టింది ఈవిడే. కుట్టించుకుని, లోపలికొచ్చి, ఎదుటి పార్టీ రాలేదని మనవి చేసింది నేనే. ఆవిడే ఎదుటి పార్టీ అని నాకు తెలీదు. కూలి కూడా పుచ్చుకోలేదండి మహాతల్లి" అన్నాడు, చివరి మాటకు తనకే నవ్వొచ్చేసి.

జడ్జిగారు నవ్వు ఆపుకోవడానికి కాగితాల్లోకి వంగారు. ఉత్తర్వు రద్దయింది. "ఇక నుంచి ఇద్దరి పేర్లూ పిలవాలి. బయటున్నవాళ్ళకు వినపడేలా పిలవాలి" అని బంట్రోతు వైపు చూశారు.

"రైట్ రైట్!" అని వినిపించింది చివరి బెంచీ నుంచి. కొంగు ఎప్పుడు జారిందో కండక్టరమ్మకే తెలియదు. ఒట్టు తీసి గట్టున పెట్టేసింది.

మర్నాడు బంట్రోతు గునుస్తూ కేంద్రానికి వచ్చాడు. "నీ పుణ్యమా అని తాంబూలం మానాల్సొచ్చింది. ఇంతకీ గొంతు అంత దూరం ఎలా పోతుందమ్మా, కాస్త చెప్పు" అన్నాడు. కండక్టరమ్మ ఆయనను వరండాలో నిలబెట్టి, కడుపులోంచి పిలవడం నేర్పింది. తర్వాతి వాయిదాకు దర్జీ ఆవిడ పేరు ఇంటిపేరుతో సహా ఆవరణంతా మోగింది. బెంచీ మీద గుండీ కుడుతున్న ఆవిడ సూది చేత్తోనే పట్టుకుని లేచి, "వచ్చేశా!" అని అంతకన్నా గట్టిగా బదులిచ్చింది.

కేసు విన్నాక యజమాని వాదనలో పస లేదని తేలిపోయింది. ఆయన ప్లీడరే ఆయనను పక్కకు తీసుకెళ్ళి రాజీకి ఒప్పించాడు. షాపు అక్కడే ఉంటుందని కాగితం రాసుకున్నారు. ఆ సాయంత్రం కండక్టరమ్మా, దర్జీ ఆవిడా కోర్టు స్టాపులో బస్సెక్కారు. కండక్టరమ్మ అలవాటుగా దర్జీ ఆవిడ ముఖం వైపు చూసింది. అన్నేళ్ళలో కోర్టు స్టాపులో ఎక్కిన మనిషి ముఖం అలా వెలగడం ఆవిడ చూడలేదు. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

కొత్త కండక్టరు కుర్రది టికెట్ల మిషను పట్టుకుని వచ్చింది. "ఎక్కడ దిగాలమ్మా?"

దర్జీ ఆవిడ కండక్టరమ్మ వైపు చూసింది. కండక్టరమ్మ కావాలనే కిటికీ వైపు తిరిగింది. ఈ ఒక్క మాట మాత్రం ఆవిడే చెప్పాలి.

"టైలరుషాపు" అంది దర్జీ ఆవిడ, బస్సంతా వినపడేలా.