పెంచబోయి తగ్గించిన అద్దె

ఆస్పత్రి లాండ్రీలో అందరూ ఆవిడను దొరసాని అంటారు. ఎదురుగా కాదు లెండి, అంత ధైర్యం ఎవరికుంది! పక్క దుప్పట్లు, తువ్వాళ్లు, ఆపరేషన్ గది గౌన్లు గుట్టలుగా వచ్చిపడే ఆ హాల్లో ఆవిడ అడుగుపెడితే చాలు, కబుర్లు ఆగిపోయి మెషీన్ల మోత ఒక్కటే మిగులుతుంది. మడత కాస్త వంకరగా ఉందో, విప్పించి మళ్లీ మడిపిస్తుంది. నోరు పెద్దదే గానీ మనసు వెన్న అని చేతికింద వాళ్లు చెప్పుకుంటారు. నన్నడిగితే ఆ రెండింటికంటే పంతమే ఎక్కువ.

అది కాంట్రాక్టు ఉద్యోగం. పింఛను లేదు. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లే జీతం, ఆ తరవాత నమస్కారం. అందుకే ఆరేళ్ల కిందట, ఆస్పత్రికి రెండు వీధుల అవతల, ఒకే పడగ్గది ఉన్న చిన్న ఫ్లాటు బ్యాంకు అప్పుతో తన పేరున కొనుక్కుంది. ఆవిడ వేసుకున్న లెక్క తేలికే. ఫ్లాటు అద్దెకిస్తుంది. ఆ అద్దె అప్పు వాయిదాకు సరిపోతుంది. ముసలితనం వచ్చేసరికి అప్పు తీరిపోతుంది, అప్పటినుంచి ఆ అద్దెతో ఎవరి ముందూ చేయి చాచకుండా బతకొచ్చు.

భర్తకు ఈ వ్యవహారం సుతరామూ నచ్చలేదు. ఆయనది తాళాల కొట్టు. చిన్నప్పుడు తండ్రి అప్పుల్లో మునిగి ఇల్లు పోగొట్టుకుంటే సామానుతో రోడ్డు మీద నిలబడ్డ మనిషి. అందుకే తన ఇంటిని ఎవరికీ బాకీ పడకుండా ఒక్కో గదీ ఒక్కోసారి కట్టుకుంటూ వచ్చాడు. అప్పు అన్న మాట చెవిన పడితేనే ఒళ్లు మండుతుంది. ఫ్లాటు కాగితాల మీద సంతకాలు పెట్టే రోజు పొద్దున ఆయన ఒకటే మాటన్నాడు.

"కొనుక్కో, నీ ఇష్టం. ఆ అప్పు జోలికి మాత్రం నన్ను లాగకు."

దొరసాని ఊరుకుంటుందా? "మిమ్మల్ని పైసా అడిగితే నన్ను పేరు మార్చి పిలవండి" అంది.

అంతే. మిగతా విషయాల్లో ఒకరి మాట ఒకరు జవదాటని మొగుడూ పెళ్లాలు, ఈ ఒక్క సంగతిలో ఆరేళ్లుగా బిగుసుకు కూర్చున్నారు. ఇంట్లో ఫ్లాటు ఊసే లేదు. ఆయన అడగడు, ఆవిడ చెప్పదు.

మొదట్లో అంతా సాఫీగానే నడిచింది. కానీ ఆ అప్పు మీద వడ్డీ ఒకచోట నిలిచేది కాదు. పెరిగినప్పుడల్లా ఫోనుకు ఒక సందేశం వస్తుంది. 'గౌరవనీయులైన ఖాతాదారునికి' అని మొదలవుతుంది. ఇంత గౌరవం ఎవరైనా ఊరికే ఇస్తారా? రెండోసారి వచ్చేసరికి ఆవిడకు విషయం తెలిసిపోయింది. అద్దె వాయిదాకు చాలడం మానేసింది. మొదట కాస్త తక్కువ పడేది, తరవాత బాగా తక్కువ పడసాగింది. గడువు పొడిగించమని బ్యాంకుకు వెళ్లి బతిమాలుకుంది. ఇప్పటికే ఒకసారి పొడిగించామమ్మా, ఇంకా లాగితే మీరు ఉద్యోగం మానేశాక కూడా కట్టాల్సి వస్తుంది, దానికి మా పైవాళ్లు ఒప్పుకోరు అని అక్కడి అమ్మాయి మర్యాదగానే చెప్పింది. పోనీ అమ్మేద్దామా అంటే, బ్యాంకుది బ్యాంకుకు పోను చేతికి మిగిలేది గుండుసున్నా. ఫ్లాటు పోతే ముసలితనానికి ఆధారం పోయినట్టే.

ఇక చేసేదేముంది, ఆదివారాలు కూడా డ్యూటీకి పోసాగింది. మనుషులు తక్కువయ్యారని ఇంట్లో చెప్పింది. సాయంత్రానికి మోకాళ్లు వాచిపోయేవి. అల్లం టీ పెట్టుకుని, కాళ్లు పీట మీద చాపుకుని, ఏమీ లేదన్నట్టు మొహం పెట్టుకుని కూర్చునేది. ఆయనా ఏమీ చూడనట్టే కూర్చునేవాడు. ఇద్దరికి ఇద్దరూ సరిపోయారు!

చివరికి మిగిలిన దారి ఒక్కటే, అద్దె పెంచడం. ఫ్లాట్లో ఉండేది ఒక బస్సు డ్రైవరు. నెమ్మదైన మనిషి, ఒక్క నెలా అద్దె ఆలస్యం చేసి ఎరగడు. కిందటేడే కవల పిల్లలు పుట్టారు. అలాంటివాణ్ణి పెంచమని అడగాలంటే దొరసానికి కూడా నోరు రాలేదు. వారమంతా డ్రయ్యరు మోతలో ఎవరికీ వినపడకుండా ఆ మాటలు సాధన చేసింది. "చూడు తమ్ముడూ, కాలం ఎలా ఉందో నీకు తెలియనిది కాదు" అని మొదలుపెట్టాలి. గొంతు వణకకూడదు. ఇంతలో ఆ డ్రైవరే ఫోన్ చేసి, శనివారం సాయంత్రం ఒకసారి ఇంటికొస్తానక్కా, మాట్లాడాలి అన్నాడు. వెతకబోయిన తీగ కాలికి తగిలిందనుకుంది.

శనివారం వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని, ఇచ్చిన మంచినీళ్లు తాగకుండా గ్లాసు తిప్పుతూ ఉన్నాడు. ఆవిడ గొంతు సవరించుకుని "చూడు తమ్ముడూ" అనబోయేలోగా అతనే అనేశాడు.

"అక్కా, మేం ఇల్లు ఖాళీ చేద్దామనుకుంటున్నాం."

ఫ్లాటు ఒక్క నెల ఖాళీగా ఉందంటే ఆ నెల వాయిదా ఆకాశం నుంచి ఊడిపడాలి. వారమంతా వల్లెవేసిన మాటలన్నీ గాలికి ఎగిరిపోయాయి.

"అద్దె తగ్గిస్తాన్లే తమ్ముడూ, ఉండండి" అంది.

అన్నది తానేనా అని ఆవిడకే అనుమానం వచ్చింది. అతను ఇబ్బందిగా చూసి, అది కాదక్కా అనబోయాడు. ఆ చూపుకి అర్థం వేరేగా తీసుకుని, అతను నోరు విప్పేలోగానే ఇంకాస్త తగ్గించింది. పెంచడానికి కూర్చున్న మనిషి, అడగనివాడికి రెండుసార్లు తగ్గించింది! వెనక వరండాలో తాళంచెవికి ఆకురాయి పెడుతున్న భర్త చేతి చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

అద్దె సంగతి కాదని డ్రైవరు ఎలాగో చెప్పుకొచ్చాడు. పిల్లలను చూసుకోవడానికి అత్తగారు వచ్చింది. ఉన్నది ఒక్క గది. ఒక పిల్ల పడుకుంటే రెండోది లేస్తుంది, దాని ఏడుపుకు మొదటిది లేస్తుంది. అత్తగారు వంటగదిలో పడుకుంటోంది. తనకు నిద్ర లేదు, పొద్దున్నే స్టీరింగు ముందు కూర్చోవాలంటే భయమేస్తోంది. భార్య మళ్లీ ఉద్యోగంలో చేరింది కాబట్టి ఇంకాస్త ఎక్కువైనా ఇచ్చుకోగలరు, కానీ పెద్ద ఇల్లు దొరికితే డిపోకు దూరం, దగ్గరైతే ఇరుకు.

అప్పుడు వరండాలోంచి తాళాలాయన లోపలికొచ్చాడు, వేళ్ల నిండా ఇత్తడి పొడితో.

"ఎన్ని గదులు కావాలి?" అన్నాడు.

"మూడైతే చాలు బావగారూ."

"ఇవి మూడే, డిపోకూ దగ్గరే. చూసుకో. మీరిటు రండి, మేమటు వెళ్తాం."

దొరసాని ఆయన్ని రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది. మతిగాని పోయిందా, చెమటోడ్చి కట్టుకున్న ఇంట్లో పరాయివాళ్లను పెడతారా అని గుసగుసగానే కడిగేసింది. ఆయన తాపీగా చేతులు తుడుచుకున్నాడు.

"ఇల్లెక్కడికి పోతుంది? అమ్మాయి పెళ్లయి వెళ్లిపోయాక ఒక గదిలో పడుకుంటున్నాం, రెండు గదులు ఊడుస్తున్నాం. అది వదిలేయ్. నువ్వు పుట్టాక ఎవరికైనా ఏదైనా తగ్గించావా? ఇవాళ అడక్కుండా తగ్గించావు. ఏం జరుగుతోందో చెప్పు."

ఇక దాచడం ఆవిడ వల్ల కాలేదు. వడ్డీ, వాయిదా, ఆదివారాలు, మోకాళ్లు, బ్యాంకు అమ్మాయి, అన్నీ పొయ్యి గట్టుకు ఆనుకుని చెప్పేసింది. డబ్బేమీ అడగడం లేదు, మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను అని మధ్యలో రెండుసార్లు గుర్తుచేసింది కూడా. నేను ముందే చెప్పలేదా అంటాడని ఎదురుచూసింది. ఆ మాట అని ఉంటే ఎదురు జవాబిచ్చి నిభాయించుకునేదే. ఆయన అనలేదు. దాంతో ఏడుపు ఆగలేదు.

నెల తిరక్కుండా ఇళ్లు మారాయి. ఒకటే వ్యాను, ఆ ఇంటి సామాను ఇక్కడ దించి, ఈ ఇంటి సామాను అక్కడికి తోలింది. ఆ గందరగోళంలో పిల్లల ఉయ్యాల దొరసాని పడగ్గదికి చేరింది, దొరసాని దిండ్లు డ్రైవరు అత్తగారి చేతికి చిక్కాయి. ఈ వయసులో మాకు ఉయ్యాలెందుకయ్యా అని తాళాలాయన వ్యానువాణ్ణి నిలదీశాడు. పెద్ద బీరువా ఫ్లాటు మెట్ల మలుపులో ఇరుక్కుని ఎటూ కదలకపోతే, తిట్టుకుంటూ వెనక్కి మోసి డ్రైవరుకే వదిలేశారు.

చిన్న ఇల్లు ఆవిడకు హాయిగానే ఉంది. రెండు చీపురు వేట్లకు ఊడ్వడం అయిపోతుంది, ఆస్పత్రికి నడిచి పోవచ్చు. మనసు మాత్రం కుదుటపడలేదు. పెద్ద ఇల్లు ఆయన పేరున ఉంది. దాని అద్దె ఆయనది. ఇళ్లు మారడం గురించి వంద మాటలు మాట్లాడుకున్నారు గానీ ఆ అద్దె ఎవరికి అన్న మాట ఇద్దరూ ఎత్తలేదు. ఫ్లాటు మీద వచ్చే అద్దె ఇప్పుడు లేనే లేదు, వాయిదా మొత్తం తన నెత్తి మీదే ఉంది. అడిగితే పోయేదే కదా అంటారా? అడిగే మనిషైతే ఇంత కథెందుకు! ఆవిడ మళ్లీ ఆదివారం డ్యూటీకి పేరు రాయించుకుంది.

వాయిదా రోజు మధ్యాహ్నం తడి గౌన్లు లెక్కపెడుతుంటే ఫోను మోగింది. గౌరవనీయులైన ఖాతాదారు అని చూడగానే ప్రాణం ఉసూరుమంది. తీరా చదివితే, ఈ నెల వాయిదా పూర్తిగా ముట్టిందని ఉంది. తాను కట్టనే లేదు. ఎవరిదో పొరపాటున తన ఖాతాలో పడిందేమోనని కంగారుపడుతుంటే డ్రైవరు ఫోన్ చేశాడు. "అద్దె అందిందా అక్కా? నేరుగా మీ అప్పు ఖాతాలోనే వేయమన్నారు బావగారు" అన్నాడు.

ఏప్రన్ కూడా విప్పకుండా తాళాల కొట్టుకు వెళ్లింది. ఆయన ఎవరిదో పెట్టెకు కొత్త తాళం బిగిస్తున్నాడు.

"అప్పు జోలికి రానన్నారు కదా, ఏమిటిది?" అంది.

ఆయన తల ఎత్తలేదు. "రాలేదే. నీ ఇంట్లో ఉంటున్నాను. అద్దె కట్టాను."

ఆవిడ కొట్టు మెట్టు మీద కూలబడిపోయింది. నవ్వొచ్చింది, నవ్వుతోపాటు కళ్లనీళ్లూ వచ్చాయి, ఏప్రన్‌తోనే తుడుచుకుంది. పెట్టె తెచ్చిన మనిషి ఏమైందోనని కంగారుగా చూశాడు. కాసేపటికి లేచి నిలబడి, లాండ్రీలో మడత వంకర కనిపెట్టినప్పటి గొంతుతో అడిగింది.

"అద్దె సరే. అడ్వాన్సేదీ?"